నోబిడ్

టంగుటూరు వేలం ఫ్లోరు మీద
మా బేళ్ళు పన్నెండో వరస.
కొనేవాళ్ళు ఇంకా మొదటి వరసలోనే
వొంగి, ఆకు పీకి, వాసన చూసి, పారేస్తన్నారు.
అందాకా మాకేం పని?
గోనెపట్టాల మీద కూలబడి
మా వాలీబాల్ టీమును విప్పుతున్నాం, కడుతున్నాం,
మళ్ళీ విప్పుతున్నాం.

నిరుటి టీము లేదిప్పుడు.
మాల్యాద్రి రైల్వేలో కుదిరిపోయాడు.
వాడు కొడితే అవతల కోర్టులో లేచిన దుమ్ము
దిగే లోపల రెండు ఈలలు వేసేవాణ్ణి నేను.
పెద్ద చెంచయ్యకి భుజం జారింది.
కావలి నుంచి ఒకణ్ణి, అద్దంకి నుంచి ఇంకొకణ్ణి
చందాలేసి తెచ్చుకున్నాం.
బూట్లు మావే, బిర్యానీ మాదే.
కొడతారు, కాదనను.
కొట్టాలంటే ముందు బంతిని లేపేవాడుండాలి గదా.

ఖాజావలి మోకాలు అరిగిపోయింది.
పదకొండేళ్ళు లిఫ్టరుగా నిలబడ్డ ఆ చోట
ఇప్పుడు పదిహేడేళ్ళ పిలకాయ.
పేరు సంసోను.
పేరుకే.
తూరుపు గాలొస్తే నెట్టుకి అతుక్కుంటాడు.

"యాడన్నా ఆడాడా వాడు?" అన్నాడు కొండలరాయుడు.
"హైస్కూల్లో ఆడాడుగా."
"హైస్కూల్లో గేదెలు గూడా ఆడతయి.
పచ్చాకురా వాడు. పచ్చాకుని బేలు కడితే
లోపల్లోపలే బూజు పడిద్ది."
"మరి బ్యారన్ తలుపు మూడోనాడే తీస్తే ఏమయిద్దో
నీకు తెలవదా? పసుపు తిరగనియ్యి,
ఈనె ఎండనియ్యి."
"సింగరాయకొండ పందెం ఎల్లుండి.
ఎల్లుండికి ఎండిద్దా నీ ఈనె?"

దీనికి నా దగ్గిర జవాబు లేదు.
ఉన్నట్టు దగ్గాను.

గ్రేడింగుకొచ్చే అంకమ్మ
తట్ట కింద పెట్టి నిలబడింది.
"ముప్పయ్యేళ్ళ నుంచి ఆకు ఏరతన్నా.
చేతికి తగలకండా గ్రేడు చెప్పను నేను.
మీరు కుర్చీలో కూచుని చెబుతుండారు,
మీకు రేటెక్కువిచ్చి పెట్టుకోవాల బోర్డువాళ్ళు."
తట్టెత్తుకుని పోయింది.
కొంచెంసేపు ఫ్యాను మాత్రమే మాట్లాడింది.

ఖాజావలి అప్పటిదాకా
ఒక పుల్లతో నేల మీద నెట్టు గీస్తా ఉన్నాడు.
"మొదటి మూడేళ్ళూ నేను ఓడించాను మిమ్మల్ని.
ఒంగోల్లో అయితే వరసగా నాలుగు బంతులు
మాల్యాద్రి వీపు మీద పడ్డయి.
మీకు గుర్తులేదు.
ఆ తర్వాత గెలిచినయ్యన్నీ
వాడు గెలిచాడనే గుర్తు మీకు."

ఎవరం నోరెత్తలా.
కొండలరాయుడు చుట్ట వెతుక్కున్నాడు,
ఫ్లోరు మీద కాల్చకూడదని గుర్తొచ్చి
మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.
పుల్ల విరిచి పారేసి లేచాడు ఖాజావలి,
ఒక కాలు ముందు, తర్వాత ఇంకోటి.

అప్పుడు చూశాను.
పన్నెండో వరస దాటిపోయారు.
మా మాటల్లో మేముండగానే
నా నాలుగో బేలు మీద చీటీ: నోబిడ్.
కర్ర కట్టెలకి చేసిన అప్పు,
సగం ఏడు దాని వెనక నిలబడ్డ నా ఆడమనిషి,
అన్నీ కలిపి ఆ రెండక్షరాల కాగితం.
మళ్ళీ వారం మళ్ళీ తేవాలి.
ఇదే ఆకు. ఇదే రంగు.
చూసే కళ్ళు మారితే రేటొచ్చిద్దేమో.

బండెక్కించడానికి నలుగురు కావాలి.
ముగ్గురున్నాం.
ఆటోల వెనక నుంచి సంసోనొచ్చాడు,
రాత్రంతా బ్యారన్ కాడ కట్టెలేసిన కళ్ళతో.
చొక్కా నిండా పొగవాసన.
నాలుగో మూల పట్టుకున్నాడు.

ఎత్తే ముందు ఎవడైనా మొహం చూస్తాడు.
వాడు మా పాదాలు చూశాడు,
ఎవడు ఎటు వొరుగుతాడో.
నాది ఎడమ కాలు బలహీనం.
నేనెవరికీ చెప్పలా.
వాడు అరడుగు నావైపు జరిగాడు.
"ఊఁ" అన్నాడు, అంతే.
బేలు బండి మీదుంది.

నూటిరవై కేజీలు.
బరువెప్పుడు పోయిందో తెలవదు నాకు.

కొండలరాయుడు వాడి మీద
ఒకటికి మూడు కాస్తన్నాడు.
ఈ సంగతి ఆయనకి చెప్పలేదు.
ఎల్లుండి సాయంత్రం దాకా
చెప్పను.